స్లీవ్ సర్జరీకి ముందు చేసిన తయారీ: నాలుగేళ్ల తర్వాత ఏది అక్కరకొచ్చింది, ఏది దండగ

బరువు తగ్గే ఆపరేషన్ గురించి రాసేవాళ్లు ఎక్కువగా ఆపరేషన్ అయ్యాక తీసిన ఫొటోలే పెడతారు. నేను దానికి ముందు నెలల గురించి రాస్తున్నాను. హైదరాబాద్‌లో నాకు స్లీవ్ గ్యాస్ట్రెక్టమీ చేసి నాలుగేళ్లు దాటింది. ఆపరేషన్ థియేటర్‌లో నేను చేసిందేమీ లేదు, మత్తులో పడుకున్నాను. నా చేతిలో ఉన్నదల్లా ముందు జరిగిన తయారీయే.

విజయవాడ ఆటోనగర్‌లో నాకు స్పేర్ పార్ట్స్ షాపుంది. పొద్దున కౌంటర్ వెనక కూర్చుంటే రాత్రి షట్టర్ దించేదాకా లేచేది తక్కువ. అప్పట్లో 138 కిలోలు, బీఎంఐ (ఎత్తుకి బరువు ఎంతుందో చెప్పే లెక్క) 46. షుగరు, బీపీ, పక్కింటికి వినిపించే గురక. స్లీవ్ అంటే జీర్ణాశయంలో ముప్పావు వంతుకి పైగా కోసి తీసేసి, మిగిలింది సన్నటి గొట్టంలా ఉంచుతారు. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోను ఎక్కువగా తయారయ్యేది ఆ తీసేసే భాగంలోనే. అందుకే మొదట్లో ఆకలన్నదే తెలీదు. తీసేసింది మళ్లీ అతికించరు. ఈ ఒక్క మాట మా ఆవిడ డాక్టరు గారి చేత రెండుసార్లు చెప్పించుకుంది.

పరీక్షల్లో నేను అన్నిటికన్నా ఎక్కువ మార్కులు వేసేది నిద్ర పరీక్షకి. తలకీ ఛాతీకీ వైర్లు అంటించి రాత్రంతా పడుకోబెడతారు. నిద్రలో ఊపిరి మాటిమాటికీ ఆగిపోయే స్లీప్ ఆప్నియా నాకు తీవ్రంగా ఉందని తేలింది. అది సరిచేయకుండా మత్తు ఇస్తే ఊపిరికి ప్రమాదమని, ఆపరేషన్‌కి కొన్ని వారాల ముందు నుంచే మాస్కులోంచి ఒత్తిడితో గాలి పంపే సీప్యాప్ మెషీన్ పెట్టుకోమన్నారు. మొదట్లో అర్ధరాత్రి నాకు తెలీకుండానే మాస్కు పీకి పారేసేవాణ్ణి. అలవాటయ్యాక మాత్రం మధ్యాహ్నం పూట లెడ్జరు మీద తల వాలడం ఆగిపోయింది. కిలో తగ్గకముందే మనిషి తేలికపడ్డాడని మా కుర్రాళ్లే అన్నారు. బరువు తగ్గాక మళ్లీ పరీక్ష చేసి, ఇక అక్కర్లేదన్నాకే మెషీన్ తీసేశాను. గురక తగ్గింది కదా అని ఎవరికి వాళ్లు ఆపేయకూడదు.

నోట్లోంచి కెమెరా గొట్టం దించి జీర్ణాశయం చూసే ఎండోస్కోపీ అంటే భయపడేవాళ్లకి ఒక మాట. అసిడిటీ బాగా ఉన్నవాళ్లకి స్లీవ్ తర్వాత అది ఇంకా ముదరొచ్చు, వాళ్లకి బైపాస్ (జీర్ణాశయాన్ని చిన్న సంచిలా చేసి పేగుకి కలిపే ఆపరేషన్) నయమని చెప్పే అవకాశం ఉంది. ఏ ఆపరేషన్ అనేది తేలడంలో ఆ గొట్టం పరీక్షకి పెద్ద పాత్ర ఉంది. నాకు హెచ్ పైలోరీ అనే బాక్టీరియా కనబడితే మందులు వాడించి, పోయిందని చూసుకున్నాకే తారీఖు ఇచ్చారు. ఇక మూడు బంతులుండే ఊపిరి పరికరం, స్పైరోమీటరు. కొన్ని వందల రూపాయలది, పిల్లల బొమ్మలా ఉంటుంది. గాలి లాగి బంతులు పైకి లేపాలి. షాపులో బేరాల మధ్య అదే పని. ఆపరేషన్ మర్నాడు పొట్ట నొప్పితో ఊపిరి సగమే అందుతుంటే, లాగడం ముందే వచ్చి ఉండటం ఎంత మేలో తెలిసింది.

ఆపరేషన్‌కి ముందు చేయించే రెండు వారాల డైట్ గురించి చాలామంది కథలు కథలుగా చెప్తారు. అంత ఘోరమేమీ కాదు, మొదటి నాలుగు రోజులే నరకం. కాలేయం ఎడమ వైపు భాగం జీర్ణాశయం మీద కప్పుకుని ఉంటుంది. కొవ్వు పట్టి ఉబ్బితే, చిన్న రంధ్రాల్లోంచి చేసే లాప్రోస్కోపీలో దాన్ని పైకెత్తి పని చేయడం కష్టం. అన్నం, చక్కెర మానేసి ప్రొటీన్ మీద ఉంటే అది కాస్త కుంచించుకుపోతుంది. నాకు రోజుకి వెయ్యి క్యాలరీల లోపే. వెనిలా ప్రొటీన్ పౌడర్ డబ్బా పెద్దది కొన్నాను, దండగ, మూడో రోజుకే వాసన పడలేదు. ఏ రుచీ కలపనిది తీసుకుని, ఉప్పేసిన పల్చటి మజ్జిగలో కలుపుకుంటే దిగింది. ముఖ్యమైన సంగతి: షుగరు మందులు వాడేవాళ్లు ఈ డైట్ మొదలుపెట్టే రోజే డోసు గురించి డాక్టర్‌ని అడగాలి. తిండి తగ్గి మాత్రలు పాత మోతాదులోనే ఉంటే షుగరు మరీ పడిపోవచ్చు.

మనసు సంగతికొస్తే, ఆసుపత్రిలో సైకాలజిస్టుతో మాట్లాడించారు గానీ అది ఫారం నింపినట్టే అయిపోయింది. నాకు తృప్తి కలగక బయట ఇంకొకావిడ దగ్గరికి సొంత డబ్బుతో వెళ్లాను. మొత్తం ఖర్చులో నాకు బాగా గిట్టుబాటైంది అదే. "ఆకలి లేనప్పుడు ఎందుకు తింటారు?" అని అడిగి, జవాబు చెప్పబోతుంటే ఆపి, పుస్తకంలో రాసుకు రమ్మన్నారు. ఏం తిన్నానన్నది కాదు, తినడానికి పది నిమిషాల ముందు ఏం జరిగిందన్నది. రాస్తే బయటపడింది. ఎవరైనా బాకీ ఎగ్గొట్టినా, చెక్కు వెనక్కొచ్చినా కుర్రాణ్ణి పునుగుల బండి దగ్గరికి పంపేవాణ్ణి. పార్టీతో పోట్లాడలేని రోజున రెండు పొట్లాలు. జీర్ణాశయం కోస్తారు గానీ వసూళ్లు కోయలేరు కదా.

ఆవిడే ఇంకో పని పెట్టారు. ఆపరేషన్ తర్వాత ఎలా తినాలో అది ముందు నుంచే సాధన చేయమన్నారు. ముద్ద బాగా నలిగేదాకా నమలాలి. భోజనంలో నీళ్లు తాగకూడదు, తిన్నాక అరగంట ఆగాలి. ముందు గుడ్డో చికెనో పప్పో, ఆ తర్వాతే అన్నం. ముద్ద ముద్దకీ గ్లాసు ఎత్తే ఇంట్లో పుట్టిన నాకు మంచినీళ్ల సంగతే అన్నిటికన్నా కష్టమైంది. వార్డులో నాతో పాటు ఉన్నవాళ్లు తర్వాత ఫోన్లు చేసి, తిన్నది గొంతులో ఇరుక్కుంటోందని, వాంతులని బాధపడ్డారు. నాకు ఆ బాధ చాలా తక్కువ. కారణం ఈ సాధనేనని నా నమ్మకం.

ఇంట్లో వాళ్లని సిద్ధం చేయడం వేరే పెద్ద పని. "నోరు కట్టుకోలేక పొట్ట కోయించుకుంటావురా?" అంది అమ్మ. కోపం కన్నా భయం ఎక్కువ ఆ మాటలో. వాదించడం మానేసి అమ్మని డైటీషియన్ దగ్గర కూర్చోబెట్టాను. మొదట వట్టి నీళ్లలాంటివి, తర్వాత చిక్కటి ద్రవాలు, ఆ తర్వాత మెత్తగా మెదిపినవి అని ఆమె వివరిస్తుంటే, పప్పు తేట, కారం లేని చారు, వడకట్టిన ఉలవకట్టు అని అమ్మే వరసలు కట్టేసింది. చేయడానికి పనంటూ దొరికాక ఏడుపు తగ్గింది. మీ ఇంట్లో వడ్డించే మనిషెవరో వాళ్లని తప్పకుండా ఒకసారి తీసుకెళ్లండి.

బయటివాళ్లకి దాచలేదు. దాచితే, చిక్కిపోతున్నాడని లేనిపోని జబ్బులు అంటగడతారు. చెప్పినందుకు ఉచిత సలహాలు వచ్చాయి, అది వేరే సంగతి.

ఇన్సూరెన్స్ కాగితాలు ముందే చూసుకోవాలి. ఇన్సూరెన్స్ కంపెనీలపై అజమాయిషీ చేసే ఐఆర్‌డీఏఐ ప్రామాణిక నిబంధన ప్రకారం ఈ ఆపరేషన్‌కి క్లెయిమ్ రావాలంటే బీఎంఐ కనీసం 40 ఉండాలి, లేదా కనీసం 35 ఉండి గుండె జబ్బు, తీవ్రమైన స్లీప్ ఆప్నియా, అదుపులో లేని షుగరు లాంటివి ఉండాలి. వేరే మార్గాల్లో తగ్గలేదనీ చూపాలి. అంతర్జాతీయ సర్జన్ల సంఘాలేమో 2022లో ఆసియా వాళ్లకి బీఎంఐ 27.5 నుంచే ఆపరేషన్ సూచించవచ్చన్నాయి. ఆ మధ్యలో పడ్డవాళ్లు జేబులోంచి పెట్టుకోవాల్సిందే. ఇప్పుడు బరువు తగ్గడానికి వారానికోసారి వేసే ఇంజెక్షన్లూ వచ్చాయి, 2025 మార్చిలో అలాంటిదే మౌంజారో మన దగ్గరికొచ్చాక నన్ను అడిగేవాళ్లు పెరిగారు. అవి వాడి చూశాక ఆపరేషన్‌కి వెళ్తుంటే మత్తు డాక్టరుకి ఆ మాట తప్పక చెప్పండి. ఆ మందుతో పొట్ట ఖాళీ అవడం నెమ్మదిస్తుంది, మత్తులో అది ప్రమాదం.

ఎవరూ సరిగా సిద్ధం చేయనివి కొన్ని ఉన్నాయి. నాలుగో నెలలో జుట్టు దువ్వెనకి కుచ్చులుగా వచ్చింది, ప్రొటీన్, ఐరన్ చూసుకున్నాక కొన్ని నెలలకి మళ్లీ మొలిచింది. వేలాడే చర్మం మాత్రం ఎక్కడికీ పోదు. బీ12, డీ3, క్యాల్షియం, ఐరన్ మాత్రలు బతికున్నన్నాళ్లూ మింగాలి, ఏడాదికోసారి రక్త పరీక్షలు. మందు అలవాటున్నవాళ్లకి ఒక పెగ్గే తలకెక్కుతుంది. రాత్రి పది దాటాక బిర్యానీకి వెళ్లే మా బ్యాచ్ మెల్లగా నన్ను పిలవడం మానేసింది. దానికి ఏ డాక్టరూ మాత్ర రాయలేదు.

అట్టడుగున 86 కిలోలు చూశాను, ఇప్పుడు 93. షుగరు మాత్రలు లేవు, బీపీకి ఒకటి ఉంది. ఏడు కిలోలు ఎక్కడ నుంచి వచ్చాయా అని పాత పుస్తకం పద్ధతి మళ్లీ మొదలుపెట్టాను. సాయంత్రం టీతో చేగోడీలు. ఒక చికెన్ ముక్క ఎక్కువైతే గొట్టం ఒప్పుకోదు గానీ, చేగోడీలు నమిలితే పిండై డబ్బాడు దిగిపోతాయి. కౌంటర్ మీద డబ్బా తీయించేశాను, వచ్చే వారం డైటీషియన్ దగ్గరికి వెళ్తున్నాను.