ఢిల్లీ నుంచి కావలికి కుక్కపిల్ల: విమానానికి నాలుగు స్టార్లు, ఏజెంటుకి రెండు

మాది కావలి. రొయ్యల హేచరీలో టెక్నీషియన్‌ని. ప్రాణమున్న సరుకు విమానంలో రావడం నాకు కొత్తేమీ కాదు. హవాయి నుంచో ఫ్లోరిడా నుంచో వనామీ బ్రూడర్లు, అంటే పిల్లల్ని పుట్టించడానికి వాడే పెద్ద రొయ్యలు, థర్మాకోల్ పెట్టెల్లో, ఆక్సిజన్ కొట్టిన సంచుల్లో చెన్నైలో దిగుతాయి. నీలాంకరైలో క్వారంటైన్ అయ్యాక మా బండి వెళ్లి తెచ్చుకుంటుంది. ఏళ్ల తరబడి ఆ పని చూసినవాణ్ణి, ఒక్క కుక్కపిల్లను తెప్పించుకోవడం ఏపాటి పని అనుకున్నాను.

మా అమ్మాయి ఢిల్లీలో ఉద్యోగం చేస్తోంది. వర్షాకాలం చివర్లో వాళ్ల వీధి మలుపులో దొరికిన పిల్లను పెంచుకుంది. జనవరిలో హాస్టల్‌కి మారాల్సి వచ్చింది, అక్కడ కుక్కల్ని రానివ్వరు. ఇక మిగిలింది మేమే. "జాతి ఏంది?" అని మా ఆవిడ ఫోన్‌లో అడిగింది. "వీధి కుక్కేనమ్మా" అంది అమ్మాయి. "ఆ కుక్కలు మన వీధిలో లేవా? రాత్రయితే ముసునూరు దాకా తరుముతున్నాయి గదా. దీన్ని ఇమానంలో తెప్పించాలా?" అని ఫోన్ నా చేతిలో పెట్టేసింది. పెట్టేసిందంటేనే ఒప్పుకున్నట్టు.

రైలు గురించి ఆలోచించాం. మనిషి తోడు వస్తే ఫస్ట్ ఏసీలో కూపే మొత్తం తీసుకోవాలి, లేదంటే గార్డు పెట్టెలో ఉండే కుక్క అర. ఢిల్లీ నుంచి మన వైపు రావడానికి ఒకటిన్నర రోజు. నాలుగు నెలల పిల్లను అంతసేపు ఆ అరలో ఊహించుకోలేకపోయాను. అమ్మాయికి సెలవు దొరికి ఉంటే తనే వెంట తెచ్చుకునేది. ఎయిర్ ఇండియా ఎప్పట్నుంచో పెంపుడు జంతువుల్ని తీసుకెళ్తోంది, 2022 నవంబర్ నుంచి ఆకాశ ఎయిర్ కూడా. బరువు పరిమితి లోపల ఉంటే సంచిలో పెట్టుకుని క్యాబిన్‌లోకే తీసుకెళ్లొచ్చు. ఇండిగోలో మాత్రం సర్వీస్ డాగ్స్ తప్ప కుదరదు. సెలవు దొరకలేదు కాబట్టి కార్గోలో, ఏజెంటు ద్వారా పంపించాం.

ఏజెంటు పేరు ఇక్కడ రాయడం లేదు. మా లెక్క ఇంకా తేలలేదు.

ముందు బాగా చేసింది చెప్తాను. కాగితాలు వంక పెట్టడానికి లేకుండా చేశారు. టీకాల పుస్తకం మొత్తం చూసి, రేబిస్ టీకా మూడు నెలలు నిండాకే వేశారా అని తేదీలు లెక్కబెట్టారు. పశువుల డాక్టర్ని అమ్మాయి ఇంటికే పంపి ప్రయాణానికి తగినట్టుందని సర్టిఫికెట్ రాయించారు. ఆ డాక్టర్ మంచివాడు. ఏజెంటు కుర్రాడు "మత్తు మాత్ర వేసేద్దామా, అరవకుండా పడుకుంటుంది" అంటే, విమానంలో మత్తు మాత్ర వద్దే వద్దు, ఊపిరి ఇబ్బంది అవుతుంది, బీపీ పడిపోతుంది అని కసిరాడట. పగ్, షీ జూ లాంటి చప్పిడి ముక్కు జాతులకైతే మాత్ర లేకపోయినా కార్గో ప్రమాదమే, చాలా ఎయిర్‌లైన్లు ఒప్పుకోవు. మాది పొడుగు మూతి వీధి కుక్క. ఆ విషయంలో టెన్షన్ లేదు.

ఇక పెట్టె కథ. కుక్క లోపల నిలబడితే తల పైకప్పుకి తగలకూడదు, వెనక్కి తిరగగలగాలి, కాళ్లు చాపి పడుకోగలగాలి. రూలు అంతే. మా పిల్ల కొలతలకి 69 సెంటీమీటర్ల పొడవు, 51 వెడల్పు, 48 ఎత్తు ఉన్న పెట్టె చాలు. వీళ్లు 81, 57, 60 ఉన్నది తెచ్చారు. "పెద్దదైతే హాయిగా ఉంటుంది మేడమ్" అన్నారట. కార్గోలో హాయి కూడా తూకానికే వస్తుందని అమ్మాయికి తెలియదు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 6000తో భాగిస్తే వచ్చేది ఘనపరిమాణం బరువు. అసలు బరువు, ఈ బరువు, రెండింట్లో ఏది ఎక్కువైతే దానికి డబ్బు కట్టాలి. కుక్క 7 కిలోలు, పెట్టె 6, మొత్తం 13. చిన్న పెట్టె అయితే 28 కిలోలకి పడేది. ఈ పెద్ద పెట్టెకి 46 కిలోలు పడింది. ముందు చెప్పిన 31,000 మీద ఇంకో 4,200 కడితేనే బండి కదులుతుందని తెల్లవారుజామున ఆరు గంటలకి గుమ్మంలో నిలబడి అడిగితే ఆడపిల్ల ఏం చేస్తుంది? కట్టేసింది. థర్మాకోల్ పెట్టెల కొలతలు రోజూ చూసే నన్ను ఒక్క మాట అడిగి ఉంటే బాగుండేది. నేనూ అడగలేదు లెండి.

పైగా 'డోర్ టు డోర్' అన్నారు. రెండో డోరు చెన్నై కార్గో గేటు అని తర్వాత తెలిసింది. కావలి దాకా కావాలంటే మరో 9,000 అట. దగదర్తి ఎయిర్‌పోర్టు వస్తుందని వినీ వినీ మా జుట్టు నెరిసింది. అప్పటిదాకా మాకు చెన్నైయే దిక్కు. మా తమ్ముడి కొడుకు నా కారు తీశాడు. పొద్దున ఏడున్నరకి బయల్దేరాం, దగ్గర దగ్గర 230 కిలోమీటర్లు.

విమానం 11:15కి కదలాలి. జనవరిలో ఢిల్లీ పొగమంచు సంగతి పేపర్లో చదవడమే గానీ దాని దెబ్బ ఇలా ఉంటుందని అనుకోలేదు. మేం నాయుడుపేట దాటేటప్పటికి కూడా ఏజెంటు నుంచి ఒక్క మెసేజ్ లేదు. ఫోన్ చేస్తే స్విచాఫ్. పోనీ మనమే చూసుకుందామంటే, ట్రాకింగ్ నంబర్ అని వాళ్లిచ్చింది వాళ్ల ఆఫీసు బుకింగ్ నంబర్. కావాల్సింది ఎయిర్‌వే బిల్ నంబర్, అంటే ఎయిర్‌లైన్ సరుకు రసీదు నంబర్. దానికి 11 అంకెలుంటాయి, మొదటి మూడు ఎయిర్‌లైన్‌వి. అది చేతిలో ఉంటే సరుకు ఎక్కడుందో ఎవర్నీ బతిమాలకుండా తెలుస్తుంది. అమ్మాయి దగ్గరున్న కాగితాల ఫోటోల్లో వెతికి, ఒక మూల చిన్నగా కనబడిన నంబర్ పెద్దది చేసి చదివి చెప్పింది. అప్పటికి మేం రెడ్ హిల్స్‌లో ఉన్నాం. విమానం ఇంకా ఢిల్లీలోనే ఉంది.

2:30కి లేచింది. 5:20కి దిగింది. 7:20కి నా చేతికిచ్చారు. పెట్టెలో పెట్టింది ఉదయం 6:30కి. అంటే పన్నెండు గంటల యాభై నిమిషాలు అది పెట్టెలో ఉంటే, అందులో గాల్లో ఉన్నది మూడు గంటలు కూడా లేదు. కుక్కను విమానంలో పంపడమంటే అందరికీ ఆ మూడు గంటల మీదే భయం. నిజానికి ప్రాణుల్ని పెట్టే హోల్డ్‌లో, అంటే విమానం కింది సరుకు గదిలో, పైన మనుషులకున్న గాలి ఒత్తిడే ఉంటుంది, కింద ప్రాణి ఉందని కెప్టెన్‌కి కాగితం మీద చెబుతారు. మిగిలిన పది గంటలూ ఎవరి కాగితం మీదా లేవు.

కార్గో దగ్గర ఆధార్ చూపించి సంతకం పెట్టాక పెట్టెను ట్రాలీ మీద తెచ్చారు. ఆకుపచ్చ 'లైవ్ యానిమల్స్' స్టిక్కరు, పైకి బాణాలు, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. తలుపుకి నాలుగు ప్లాస్టిక్ ట్యాగులు బిగించారు. సంచుల మూతులు కోసే కత్తెర ఎప్పుడూ నా కారు డ్యాష్‌బోర్డులో ఉంటుంది, దాంతో కత్తిరించాను. వాసన ముందే చెప్పేసింది. కింద పరిచిన ప్యాడ్ ఒక పక్కకి జారి ముద్దయింది. ఇంత పెద్ద పెట్టెలో చిన్న పిల్ల, బండి మలుపు తిరిగినప్పుడల్లా ఆ చివర నుంచి ఈ చివరకి జారినట్టుంది. తలుపుకి తగిలించిన గిన్నెలో నీళ్ల చుక్క లేదు. ఓ మూల పాలూ బిస్కెట్లూ కక్కిన మరక ఎండిపోయి ఉంది. ప్రయాణానికి నాలుగు గంటల ముందు నుంచి తిండి పెట్టొద్దని అమ్మాయి రాసిచ్చింది. "ఆకలేస్తుందని పెట్టాం" అన్నారు ఏజెంటు మనుషులు తర్వాత. బ్రూడర్లకి కూడా ప్రయాణానికి ముందు మేత ఆపుతారు. రొయ్యకి చేసిన మర్యాద కుక్కకి చేయలేదు.

అది బయటికి రాలేదు. అమ్మాయి పాత చున్నీ ఒకటి లోపల వేసింది, దాని కింద మూతి దూర్చి పడుకుంది. వెనక కుడికాలు మాత్రం ఆగకుండా సన్నగా వణుకుతోంది. పేరు పెట్టి పిలిచాను, కదల్లేదు. ట్రాలీ తోసిన పెద్దాయన "పావం సార్" అని తన సీసాలో నీళ్లు నా దోసిట్లో పోశాడు. నేల మీద కూర్చుని చెయ్యి లోపలికి పెట్టాను. చాలాసేపటికి చున్నీ కింద నుంచి ముక్కు వచ్చింది, ఆ తర్వాత నాలుక. దోసిలి మూడుసార్లు నింపాల్సి వచ్చింది.

తడ దాటాక బండి ఆపితే రోడ్డు పక్క గడ్డిలో ఓ నిమిషంపైనే నిలబడి ఉచ్చ పోసింది. అక్కడి నుంచి ఇంటిదాకా నా ఒళ్లో పడుకుంది. అర్ధరాత్రి దాటాక ఇల్లు చేరాం. మా అమ్మ మేలుకునే ఉంది. కళ్లద్దాలు పెట్టుకుని దాన్ని కిందా మీదా చూసి, "నేనెక్కని ఇమానం ఇదెక్కి వొచ్చిందా" అని పెరుగన్నం కలపడానికి లేచింది.

ఎవరైనా పంపించాలనుకుంటే నేను చెప్పేది: సెలవు దొరికితే మీరే వెంట వెళ్లండి. దొరక్కపోతే పెట్టె మీరే కొనండి, వారం ముందు నుంచి అందులోనే పడుకోబెట్టి అలవాటు చేయండి. ఎనిమిది వారాలు నిండని పిల్లను ఎవరు పంపుతామన్నా ఒప్పుకోకండి. ఎయిర్‌వే బిల్ నంబర్ చేతికి రాకుండా మిగతా డబ్బు ఇవ్వకండి. ఢిల్లీ నుంచైతే డిసెంబర్, జనవరిలో పొద్దుటి విమానం వద్దు. ఎండాకాలంలో పట్టపగలు విమానమూ వద్దు.

ఎయిర్‌లైన్‌కి నాలుగు స్టార్లు. ఒకటి తగ్గించింది మంచుకి కాదు, దిగాక రెండు గంటలు ఆపినందుకు. ఏజెంటుకి రెండు, రెండూ కాగితాలకే. ఆ 4,200 వెనక్కివ్వమని కొలతలూ గుణకారమూ అన్నీ రాసి వాట్సాప్‌లో పెట్టాను. రెండు నీలి టిక్కులు పడి ఇవాళ్టికి పదకొండు రోజులు.