వెబ్లీ .455, ఎన్‌ఫీల్డ్ .38: సైనికుడి నడుముకు ఏది మేలు?

పాత బ్రిటిష్ రివాల్వర్ల మాటొస్తే చాలామంది కళ్లు మూసుకుని .455 వెబ్లీ మార్క్ 6కే ఓటేస్తారు (.455, .38 అంటే సుమారుగా అంగుళాల్లో తూటా వెడల్పు, దాన్నే కాలిబర్ అంటారు). పెద్ద తూటా, పెద్ద దెబ్బ, ఇంకేం కావాలి అంటారు. అది ఎవరి చేతిలో ఉంటుందన్నది మాత్రం ఎవరూ అడగరు.

1915లో వచ్చిన ఈ వెబ్లీ మొదటి ప్రపంచ యుద్ధంలో కందకాల బురదను బాగానే తట్టుకుంది. మీట నొక్కి బారెల్‌ని కిందికి వంచితే కాలిన ఆరు కాట్రిడ్జ్‌లూ ఒక్క దెబ్బకి బయటికొచ్చేస్తాయి. అదే రష్యావాళ్ల నాగాంట్ రివాల్వర్‌లో అయితే ఒక్కొక్కటే పొడిచి తీసి ఒక్కొక్కటే నింపుకోవాలి, ఎదురుగా శత్రువు ఉన్నప్పుడు ఆ టెన్షన్ ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. వెబ్లీ తూటా సుమారు 17 గ్రాములు, తుపాకీ దాదాపు 1.1 కిలోలు. చేయి తిరిగినవాడికి బ్రహ్మాండం. కొత్తవాడికి మాత్రం ఆ బరువుతో, ఆ కుదుపుతో గురి కుదరడానికి చాలా సాధన కావాలి.

యుద్ధం అయ్యాక సైన్యం చూసుకున్నది ఈ సంగతే. తక్కువ శిక్షణతో ఎక్కువమంది గురిచూసి కొట్టగలిగేది కావాలి. .38లో 200 గ్రెయిన్ల, అంటే 13 గ్రాముల సీసపు తూటా వేస్తే దెబ్బ సరిపోతుందని తేల్చుకుని, వెబ్లీ కంపెనీ చేసి చూపించిన నమూనాకే మార్పులు చేసి, 1932లో ఎన్‌ఫీల్డ్ నంబర్ 2ని తీసుకున్నారు. బరువు 765 గ్రాములే. ఇక్కడిదాకా నా ఓటు ఎన్‌ఫీల్డ్‌కే.

తర్వాతే చెడగొట్టారు. మెత్తటి సీసపు తూటా యుద్ధ నియమాలకు విరుద్ధమవుతుందేమోనని, గట్టి లోహపు తొడుగున్న 178 గ్రెయిన్ల తూటాకు మారారు. బరువైన తూటా ఉంది కదా అనే చిన్న కాలిబర్‌కి ఒప్పుకున్నారు, ఇప్పుడా బరువే తగ్గింది! పైగా ట్యాంకుల్లో ఎక్కి దిగేటప్పుడు హ్యామర్ (తుపాకీ వెనక ఉండి కాట్రిడ్జ్‌ని పేల్చే సుత్తి) మీద బొటనవేలితో లాగడానికి ఉండే కొమ్ము అక్కడా ఇక్కడా తగులుకుంటోందని 1938లో దాన్ని కోసేశారు. ఇక హ్యామర్‌ని ముందే వెనక్కి లాగి పెట్టుకుని తేలిగ్గా కాల్చే వీల్లేదు, ప్రతిసారీ ట్రిగ్గర్‌ని బలంగా లాగాల్సిందే. ట్యాంకులో కూర్చునేవాడికి అది సరే, అడుగుల దూరంలోనే కదా కాలుస్తాడు. మిగతావాళ్లకి ఎందుకు అంటగట్టినట్టు?

రోజూ సాధన చేసే ఆఫీసర్‌కి వెబ్లీ .455 ఇవ్వండి. కొత్తగా చేరినవాడికైతే .38 మేలు, కానీ ఆ కొమ్ము కోసిన ఎన్‌ఫీల్డ్ వద్దు. రెండో ప్రపంచ యుద్ధంలో ఎన్‌ఫీల్డ్‌లు చాలక సైన్యం మళ్లీ వెబ్లీ కంపెనీ దగ్గరికే వెళ్లి కొన్న .38 మార్క్ 4 ఉంది చూడండి, అదే తూటా, కొమ్ము కూడా ఉంది, నేనైతే దాన్నే ఇస్తాను.