రూ.300 లోపు వైర్ మౌస్: క్లిక్‌కు ఢోకా లేదు, చక్రమే మొరాయిస్తది

నల్లగొండ, మహబూబ్‌నగర్‌లలో మీసేవ సెంటర్లయినా, జిరాక్స్ షాపులయినా రోజంతా నలిగేది ఈ రకం మౌసే. చేతికి బాగా కుదురుతుంది, ధరకు తగ్గ పనితనమే. ఇబ్బందల్లా స్క్రోల్ చక్రంతోనే. ఎర్రమట్టి దుమ్ము, పత్తి సీజన్‌లో గాలికి తేలే నూగు, వేళ్ల జిడ్డు కలిసి లోపల పేరుకుంటాయి. పేజీ కిందికి జరుపుతుంటే ఎగిరి పైకి పోతుంది.

విప్పే ముందు యూఎస్‌బీ తీసేయాలి. స్క్రూ కనబడకపోతే అడుగున స్టిక్కర్ కింద వెతకండి. మూత లేపేటప్పుడు చక్రం కిందుండే సన్న స్ప్రింగ్ జారిపోకుండా చూసుకోవాలి.

చక్రానికి చీలికలుంటే అది కాంతితో పనిచేసే రకం. ఒక పక్క ఇన్‌ఫ్రారెడ్ ఎల్ఈడీ, ఇంకో పక్క సెన్సర్; మధ్యలో నూగు అడ్డొస్తే లెక్క తప్పుతుంది. ఇయర్‌బడ్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో కొద్దిగా తడిపి తుడిస్తే మళ్లీ కొత్తదానిలా తిరుగుతుంది.

ఇరుసు ఒక చిన్న ఎన్‌కోడర్‌లోకి (చక్రం తిరిగిన లెక్కను సిగ్నల్‌గా మార్చే భాగం) దూరి ఉంటే మాత్రం పని కష్టం. లోపలి లోహపు కాంటాక్టులకు మురికి పడితే రెండు చుక్కల ఆల్కహాల్ వేసి, చక్రాన్ని అటూ ఇటూ బాగా తిప్పి, పూర్తిగా ఆరనివ్వాలి. కాంటాక్టులు అరిగిపోతే సోల్డరింగ్ చేసి ఎన్‌కోడర్ మార్చాల్సిందే. కొత్తదాని ఎత్తు పాతదానితో మిల్లీమీటర్లలో సరిపోవాలి. ఈ ధర మౌస్‌కు ఆ ఖర్చు దండుగ.

కొబ్బరినూనె, కుట్టుమిషన్ నూనె అస్సలు వేయొద్దు; దుమ్ము ఇంకా గట్టిగా అంటుకుంటుంది. దుమ్ము ఎక్కువుండే షాపులకైతే చీలికల చక్రం ఉన్నదే కొనండి.