టీలైట్ గ్లాసుకు ఏ రంగు మేలు: అక్రిలిక్కా, గ్లాస్ కలరా?

దీపావళి దగ్గరపడితే ఖాళీ జామ్ సీసాలకో, చవక గాజు గ్లాసులకో రంగులు వేసి లోపల టీలైట్ (చిన్న లోహపు గిన్నెలో ఉండే పొట్టి కొవ్వొత్తి) పెట్టాలని చాలామందికి అనిపిస్తుంది. ఇంట్లో ఎలాగూ అక్రిలిక్ రంగు ఉంటుంది కాబట్టి దానితోనే మొదలుపెడతారు. పగలు చూస్తే ముచ్చటగానే ఉంటుంది. రాత్రి దీపం వెలిగించాక రంగు ఉన్నచోటల్లా చీకటి ముద్దలు కనిపిస్తాయి. అందుకే ఏ రంగో పగటి వెలుతురులో తేల్చుకోకండి. పాత సీసా మీద రెండు రంగులూ వేలెడు పట్టీలుగా పూసి, పూర్తిగా ఆరాక లోపల దీపం పెట్టి, గదిలో లైటు ఆర్పి చూడండి.

అక్రిలిక్‌కు ఘాటు ఉండదు, బ్రష్‌ను నీళ్లతో కడిగేయవచ్చు, అరగంటలో పైపైన ఆరిపోతుంది. చిక్కల్లా గాజు రంగును పీల్చుకోకపోవడమే. రంగు దాని మీద పొరలా కూర్చుంటుంది. మందంగా పూస్తే అంచున గోరు తగిలినా తొక్కలా లేచొస్తుంది. అందుకని దీన్ని నిండుగా పూయడానికి కాక, చుక్కకీ గీతకీ వాడుకోవాలి. తెల్ల అక్రిలిక్‌తో చుక్కల ముగ్గు వేసి చూడండి. అగ్గిపుల్ల మందు లేని కొసను రంగులో ముంచి చుక్క పెట్టాలి. ప్రతి చుక్కకూ మళ్లీ ముంచాలి, లేదంటే చుక్కలు పోనుపోను చిన్నవైపోతాయి. మధ్యలో గాజు ఖాళీగా ఉంటుంది కనుక వెలుగు ఆగదు, ముగ్గు చక్కగా తేలుతుంది. గాజు మొత్తం మసకగా ఉండాలంటే పొడి స్పాంజి ముక్కతో పలచగా అద్దండి. బ్రష్ చారలు పడవు.

రంగు వెలుతురు గోడ మీద పడాలంటే మాత్రం గాజు కోసమే అమ్మే గ్లాస్ కలరే, అందులోనూ సాల్వెంట్ (నీటికి బదులు రంగును కరిగించే ద్రావకం) రకమే మేలు. రంగుటద్దంలా పారదర్శకంగా, మెరుస్తూ ఉంటుంది. ముందు కోన్‌తో గానీ ట్యూబ్‌తో గానీ లైనర్ గీత (రంగు పారకుండా కట్టలా ఆపే అంచు గీత) గీసి, అది గట్టిపడేదాకా కనీసం ఆరు గంటలు ఆగాలి. గీతలో వెంట్రుకవాసి సందున్నా రంగు పక్క గడిలోకి పారుతుంది. గుండ్రటి గ్లాసుతో ఇంకో తంటా ఉంది: నిలబెట్టి వేస్తే రంగు జారి అడుగున గడ్డకడుతుంది. గ్లాసును మడతపెట్టిన తువ్వాలు మీద పడుకోబెట్టి, పైకి ఉన్న భాగంలోనే రంగు నింపి, చేతికి అంటనంతగా ఆరాక కొంచెం తిప్పి తర్వాతి భాగం వేయాలి. ఇలా ఒక్క గ్లాసుకు రెండు రోజులు పట్టినా పట్టవచ్చు, తొందరపడకండి. రంగు సీసాను గిలక్కొడితే బుడగలొస్తాయి. అరచేతుల మధ్య దొర్లించండి. అయినా బుడగ కనిపిస్తే తడిగా ఉండగానే గుండుసూదితో పొడిచేయండి.

ఈ సాల్వెంట్ ఘాటైనది, మండేది కూడా. కిటికీలు తెరిచి, పొయ్యికి దూరంగా కూర్చుని వేయాలి. మూడు రోజులు ఆరబెట్టాక కూడా వాసన వస్తుంటే దీపం వెలిగించవద్దు.

పిల్లలు కూర్చుంటారంటే నీటి ఆధారిత గ్లాస్ కలర్లు తీసుకోండి. రంగు అంత లోతుగా ఉండదు, తడి తగిలితే మెత్తబడుతుంది. అక్టోబరు, నవంబరు వానల్లో కోస్తా వైపు ఆరడానికి చాలా ఆలస్యమవుతుంది.

ఓవెన్‌లో కాల్చితే గట్టిపడతాయనే మాట అన్ని రంగులకూ వర్తించదు. పెబియో కంపెనీ విత్రేయా 160 లాంటి గాజు రంగులు 160 డిగ్రీల సెల్సియస్ దగ్గర 40 నిమిషాలు కాల్చడానికే తయారైనవి. అలా లేబుల్ మీద రాసి ఉంటే తప్ప ఓవెన్ జోలికి పోవద్దు.

ఏ రంగైనా ఊడడానికి చాలాసార్లు కారణం జిడ్డే. గిన్నెల సబ్బుతో కడిగి, ఆరాక స్పిరిట్‌తో తుడిచి, ఆపైన గాజును అంచు దగ్గరే పట్టుకోండి. శానిటైజర్ పనికిరాదు, చాలా రకాల్లో ఉండే గ్లిజరిన్ గాజు మీద పొరగా మిగులుతుంది. రంగు బయటివైపే వేయాలి. పై అంచు నుంచి రెండు సెంటీమీటర్లు వదిలేయాలి, మంట వేడి ఎక్కువగా తగిలేది అక్కడే. టీలైట్ గిన్నె వెడల్పు దాదాపు 4 సెంటీమీటర్లు, కాబట్టి గ్లాసు లోపలి వెడల్పు 6 లేదా 7 ఉంటే మంటకూ గాజుకూ మధ్య ఖాళీ మిగులుతుంది. అడుగు ఇరుకైన చిన్న టీ గ్లాసులు ఇందుకు పనికిరావు.

మైనం ఒలికితే వేణ్నీళ్లు పోయకండి, మైనంతో పాటు రంగూ లేస్తుంది. గ్లాసు పూర్తిగా చల్లారాక గంటసేపు ఫ్రీజర్‌లో పెడితే మైనం బిగుసుకుని ముక్కగా ఊడొస్తుంది.