రోబోనా, ఛాతీ తెరవడమా? ముందు వాల్వు సంగతి తేల్చుకోండి

మా చెల్లెలికి గుండెలో ఎడమవైపు గదుల మధ్య ఉండే మైట్రల్ వాల్వు మార్పించినప్పటి నుంచి బ్రాడీపేటలో ఎవరు కలిసినా ఇదే ప్రశ్న: "రోబోతో చేయిస్తే మేలా, పాత పద్ధతే మేలా?"

రోబో తనంతట తాను కోయదు. సర్జన్ కన్సోల్ ముందు కూర్చుని చేతులు కదిపితే, దాని చేతులు అలాగే కదులుతాయి. కుడివైపు పక్కటెముకల మధ్య చిన్న కోతలు చాలు. పాత పద్ధతిలో రొమ్ము ఎముకను నిలువునా కోసి, తర్వాత తీగతో బిగిస్తారు. అది అతుక్కునే రెండు మూడు నెలలు నిండు బిందె ఎత్తకూడదు. త్వరగా పనిలోకి వెళ్లాల్సినవారికి ఇది పెద్ద తేడాయే. అయితే గుండెను ఆపి, రక్తాన్ని యంత్రంతో నడిపించడం రెండింటిలోనూ ఉంటుంది. రోబోతో ఆ సమయం తరచు ఎక్కువ. బైపాస్ కూడా కావాలన్నా, రోబో పద్ధతిలో యంత్రాన్ని కలిపే గజ్జల్లోని రక్తనాళాలు పూడుకుపోయినా సాధారణంగా ఛాతీ తెరవడమే క్షేమం.

కోత ఎలాంటిదైనా మానుతుంది. లోపల పెట్టిన వాల్వుతో ఏళ్ల తరబడి బతకాలి. మేము రాత్రుళ్లు కూర్చుని మాట్లాడుకున్నది దీని గురించే.

లోహపు వాల్వు దశాబ్దాలు నిలుస్తుంది. కానీ రక్తం గడ్డకట్టకుండా జీవితాంతం వార్ఫరిన్ లాంటి మాత్ర వేసుకోవాలి, రక్తం ఎంత ఆలస్యంగా గడ్డకడుతోందో చెప్పే ఐఎన్‌ఆర్ పరీక్ష చేయించుకోవాలి. మైట్రల్‌కు అది సాధారణంగా 2.5 నుంచి 3.5 మధ్య ఉండాలి. ఆకుకూరల్లోని విటమిన్ కె ఆ మాత్ర పనిని తగ్గిస్తుంది. గుంటూరులో పుట్టి గోంగూర మానడం ఎలా అని మా చెల్లెలు కళ్లనీళ్లు పెట్టుకుంది. మానక్కర్లేదు, వారం వారం ఒకే మోతాదులో తింటే మాత్రను దానికి తగ్గట్టు సర్దుతామని డాక్టరు చెప్పారు. మాత్ర మానేస్తే మాత్రం వాల్వు మీద రక్తం గడ్డకట్టి ప్రాణానికే ముప్పు.

ఆవు, పంది కణజాలంతో చేసిన వాల్వుకు చాలామందిలో ఆ మాత్ర కొన్ని నెలలే. కానీ పది పదిహేనేళ్లకు అది అరిగిపోవచ్చు, వయసు తక్కువైతే ఇంకా ముందే. పిల్లలు కావాలనుకునే అమ్మాయిలైతే ఈ కణజాల వాల్వు గురించి తప్పక అడగండి; లోహపు వాల్వుకు వాడే వార్ఫరిన్ గర్భంలోని బిడ్డకు హాని చేస్తుంది.

తొడ దగ్గరి రక్తనాళం గుండా వాల్వు పంపే టావీ ఎక్కువగా బృహద్ధమని వాల్వు చెడిన పెద్దవయసువారికి.

మా చెల్లెలికి 44 ఏళ్లు, పిల్లలు పెద్దవాళ్లయ్యారు, ల్యాబు పక్క వీధిలోనే. లోహపు వాల్వే ఎంచుకున్నాం, ఛాతీ తెరిచే చేయించాం. ఆ సర్జన్‌కు బాగా చేయి తిరిగిన పద్ధతి అదే. మీరు రోబో వైపు మొగ్గితే, దానితో మైట్రల్ వాల్వులు ఎన్ని మార్చారో సర్జన్‌నే అడగండి. గత నెల మా చెల్లెలి ఐఎన్‌ఆర్ 2.8, ఆదివారం గోంగూర పప్పు తింటూనే ఉంది.