పేరు సరిపోలలేదట: లక్క బొమ్మల అమ్మకంలో నేను వాడిన పేమెంట్ గేట్‌వే

ఆన్‌లైన్‌లో కొన్నవారు కట్టే డబ్బును మన బ్యాంకు ఖాతాకు చేర్చే పేమెంట్ గేట్‌వేలో ఖాతా తెరవడానికి ఏయే పత్రాలు కావాలో ఎవరిని అడిగినా చెబుతారు కాబట్టి ఆ జాబితా ఇక్కడ రాయడం లేదు. నేను ఏటికొప్పాక లక్క బొమ్మలు చేసి, సొంతంగా పెట్టుకున్న చిన్న వెబ్‌సైట్ ద్వారా అమ్ముకుంటాను. 2022 చివర్లో తెరిచిన ఖాతానే ఇప్పటికీ వాడుతున్నాను. ఇంతకాలం వాడిన తర్వాత ఈ సేవ గురించి గట్టిగా చెప్పవలసినది ఒక్కటే మిగిలింది: ఖాతాదారు పేరును వీళ్ళు సరిచూసే పద్ధతి. మిగిలిన లోపాలన్నిటినీ మరిచిపోగలిగాను గానీ, దీని మీద కోపం మాత్రం ఇంకా చల్లారలేదు.

మంచి సంగతి ముందు చెప్పడం న్యాయం. ధ్రువీకరణ పూర్తయిన ఖాతాలో డబ్బు చెప్పిన వేళకు వస్తుంది. కొన్నవారు సోమవారం చెల్లిస్తే బుధవారానికి నా బ్యాంకు ఖాతాలో పడుతుంది. నెట్ బ్యాంకింగ్ ద్వారా 1,500 రూపాయల బొమ్మల సెట్టు అమ్ముడైతే రెండు శాతం చొప్పున 30 రూపాయల కమీషను, ఆ కమీషను మీద 18 శాతం జీఎస్టీ కింద 5 రూపాయల 40 పైసలు పోను 1,464 రూపాయల 60 పైసలు చేతికి అందుతాయి. జీఎస్టీ రిజిస్ట్రేషను లేని నాకు ఆ 5 రూపాయల 40 పైసలు తిరిగి రాబట్టుకునే వీలు లేదు. అయినా రిజిస్ట్రేషను లేకుండానే ఖాతా ఇవ్వడం నాకు దక్కిన మొదటి మేలు అని ఒప్పుకుంటాను. ఆంధ్రప్రదేశ్‌లో వస్తువులు అమ్మేవారికి ఏడాదికి 40 లక్షల రూపాయల దాకా ఆ రిజిస్ట్రేషను అక్కరలేదు. లక్కపని వంటి హస్తకళా వస్తువులను పొరుగు రాష్ట్రాలకు పంపినా 20 లక్షల దాకా మినహాయింపు ఉంది. రిజిస్ట్రేషను లేదని అమ్మకపు వేదికలు కొన్ని నన్ను గుమ్మం దగ్గరే ఆపేశాయి. ఈ గేట్‌వే మాత్రం చిన్న వ్యాపారాలకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే ఉద్యమ్ సర్టిఫికెట్‌ను వ్యాపారానికి ఆధారంగా తీసుకుంది. సరుకు ఎన్ని రోజుల్లో అందుతుందో, పగిలితే ఏం చేస్తానో చెప్పే పేజీలు వెబ్‌సైట్‌లో లేవని ఒకసారి దరఖాస్తు వెనక్కి పంపారు, అదీ సమంజసమే.

అసలు చిక్కు బ్యాంకు ఖాతాను సరిచూసే దశలో వచ్చింది. నా ఆధార్ పెళ్ళికి ముందు తీసుకున్నది కాబట్టి అందులో పుట్టింటి ఇంటిపేరు పూర్తిగా, ముందు భాగంలో ఉంటుంది. పాన్ కార్డులోనూ అదే ఇంటిపేరు, కాకపోతే చివరన ఉంటుంది, ఎందుకంటే ఆ దరఖాస్తులో ఇంటిపేరుకు వేరే గడి ఉండి, కార్డు మీద అది ఆఖరున అచ్చవుతుంది. బ్యాంకు ఖాతా పెళ్ళయ్యాక డ్వాక్రా సంఘంలో చేరినప్పుడు తెరిచినది. అందులో అత్తింటి ఇంటిపేరుకు ఒక పొడి అక్షరం, ఆ తర్వాత నా పేరు. అది చాలదన్నట్టు నా పేరు చివరి ‘తి’ని ఇంగ్లీషులో ఆధార్ వారు టి పక్కన హెచ్ పెట్టి రాస్తే, బ్యాంకు వారు హెచ్ లేకుండా రాశారు. ఈ నాలుగు తేడాల్లో ఏదీ వింత కాదు. మన జిల్లాల్లో ఏ సంఘం సమావేశంలోనైనా పాస్‌బుక్కులు, ఆధార్ కార్డులు పక్కపక్కన పెట్టి చూస్తే అక్షరం తేడా లేకుండా కలిసేవి తక్కువగానే ఉంటాయి.

గేట్‌వే చేసే పరీక్ష ఇది: మనం ఇచ్చిన ఖాతాలోకి ఒక రూపాయి పంపిస్తారు, ఆ రూపాయితో పాటు బ్యాంకు నుంచి ఖాతాదారు పేరు తిరిగి వస్తుంది, ఆ పేరును పాన్ మీది పేరుతో సాఫ్ట్‌వేర్ పోల్చి చూస్తుంది. పొడి అక్షరం పూర్తి పేరుతో కలిసే అవకాశం ఎంతో కొంత ఉంటుందనుకోవచ్చు, హెచ్ ఉన్నా లేకపోయినా కలిసే వీలూ ఉండవచ్చు. అయితే పొడి అక్షరమే వేరైనప్పుడు, అంటే ఇంటిపేరే మారినప్పుడు, ఏ పోలికా నిలవదు. పాన్ సంఖ్యలోని ఐదో అక్షరం ఇంటిపేరు మొదటి అక్షరమని, తర్వాత పేరు మార్చుకున్నా ఆ అక్షరం మారదని నాకు అప్పుడే తెలిసింది. ఆడవాళ్ళకు పెళ్ళితో ఇంటిపేరు మారే సమాజంలో, ఒకే మనిషికి రెండు ఇంటిపేర్ల కాగితాలు ఉండడం మినహాయింపు అనుకుని ఈ పరీక్షను తయారు చేశారు, నిజానికి అది సర్వసాధారణం.

నాకు ఎక్కువ నష్టం చేసింది ఈ పరీక్షలో తప్పడం కూడా కాదు, తప్పిన తర్వాత ఖాతాను వాళ్ళు నడిపిన తీరు. ధ్రువీకరణ పూర్తి కాకుండానే వెబ్‌సైట్‌లో చెల్లింపులు తీసుకునే వీలు కల్పించారు, డబ్బు మాత్రం నా బ్యాంకుకు పంపకుండా నిలిపి ఉంచారు. సరుకును లోపలికి రానిచ్చి గోదాము తలుపుకు తాళం వేసుకున్నట్టు ఉంది ఆ ఏర్పాటు. అది సంక్రాంతి ముందు కాలం. కోస్తా జిల్లాల ఇళ్ళలో బొమ్మల కొలువు పెట్టే పండుగ అదే కాబట్టి మా ఏడాది అమ్మకాల్లో పెద్ద భాగం ఆ కొద్ది వారాల్లోనే జరుగుతుంది. కొత్త వెబ్‌సైట్‌కు నేను ఊహించిన దానికన్నా ఎక్కువ ఆర్డర్లు వచ్చాయి. డబ్బు తెరమీద పెరుగుతూనే ఉంది, దాని పక్కన ‘నిలుపుదల’ అన్న ముద్రా ఉంది. అంకుడు కర్ర తెచ్చిచ్చేవారికి, లక్క అమ్మేవారికి, లేత్ మీద నాతో పాటు పనిచేసే వారికి ఆ తెర చూపించి సరిపెట్టలేం కదా. ఆర్డర్లు ఆపేద్దామంటే పండుగ దాటితే కొనేవారు ఉండరు, ఆపకపోతే చేతి నుంచి ఖర్చు పెడుతూ సరుకు పంపాలి. సంఘం నుంచి వడ్డీకి తెచ్చి సరుకు పంపాను. నిలుపుదలలో ఉన్న నా డబ్బుకు మాత్రం ఎవరూ వడ్డీ కట్టివ్వలేదు.

ఈలోగా వాళ్ళకు ఎన్ని ఫిర్యాదులు పెట్టినా వచ్చిన జవాబు ఒకటే, పేరు సరిపోలలేదు, సరైన పత్రం మళ్ళీ అప్‌లోడ్ చేయండి అని. సరైన పత్రం ఏదో ఆ జవాబులో ఉండదు. ఫోనులో దొరికిన ఒక ఉద్యోగి ఆధార్‌లో పేరు మార్పించుకోమని సలహా ఇచ్చారు. ఆధార్‌లో పేరును జీవితకాలంలో రెండుసార్లే మార్చుకోనిస్తారు. పైగా అది మారిస్తే పాన్ మార్చాలి, ఆధార్ పేరుతోనే వచ్చిన ఉద్యమ్ సర్టిఫికెట్ మార్చాలి, హస్తకళాకారుల గుర్తింపు కార్డు మార్చాలి. పోనీ బ్యాంకులో పుట్టింటి పేరు పెట్టిద్దామంటే డ్వాక్రా రుణాల లెక్కలన్నీ ఇప్పుడున్న పేరు మీదనే నడుస్తున్నాయి. ఒక ప్రైవేటు సంస్థ ఫారంలోని ఒక్క గడి కోసం ప్రభుత్వ కాగితాలన్నీ తిరగరాయించుకోమనడం వాళ్ళకు సహజంగానే తోచింది.

నిజానికి ఇంత తిప్పలు పడవలసిన పని లేదు. ఖాతాదారుల గుర్తింపుపై రిజర్వు బ్యాంకు 2016లో ఇచ్చిన కేవైసీ ఆదేశాల్లోనే దీనికి దారి చూపారు. గుర్తింపు పత్రం జారీ అయిన తర్వాత పేరు మారితే, రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చిన వివాహ ధ్రువపత్రాన్ని గానీ గెజెట్ ప్రకటనను గానీ జతచేస్తే ఆ పాత పేరున్న పత్రమూ చెల్లుతుందని అందులో స్పష్టంగా రాశారు. నా బ్యాంకు ఖాతా తెరిచినప్పుడు శాఖలోని గుమాస్తా చేసింది కూడా అదే, ఆధార్‌తో పాటు సబ్ రిజిస్ట్రార్ కార్యాలయం ఇచ్చిన వివాహ ధ్రువపత్రం నకలు తీసుకుని నిమిషాల్లో పని ముగించారు. గేట్‌వే ఫారంలో మాత్రం ఆ పత్రం పెట్టడానికి చోటే లేదు. పాన్‌కు ఒక గడి, ఆధార్‌కు ఒక గడి, క్యాన్సిల్ చేసిన చెక్కుకు ఒక గడి ఉన్నాయి. పెళ్ళయిన స్త్రీకి గడి లేదు. నా కోపమంతా ఇక్కడే ఉంది: నిబంధన రాసినవారికి గుర్తున్న మనిషి, ఫారం గీసినవారికి గుర్తు రాలేదు.

చివరికి దారి అనుకోని వైపు నుంచి దొరికింది. పండుగ అయిపోయాక వీడియో ద్వారా ధ్రువీకరణకు సమయం ఇచ్చారు, భాష ఎంచుకోమంటే తెలుగు అన్నాను. ఇంకో యంత్రం మాట్లాడుతుందనుకున్నాను గానీ, ఒక అమ్మాయి మాట్లాడింది, చక్కటి తెలుగులో, తొందర లేకుండా. పాన్ కార్డు కెమెరాకు దగ్గరగా పెట్టించుకుంది, పనిచేసే చోటు చూపించమంది. లేత్ మీద తిరుగుతున్న కర్రకు రంగు లక్క పట్టించి, మొగలి ఆకుతో మెరుగు పెట్టి చూపించాను. ఆమె ప్రశ్నలు పద్ధతి ప్రకారం అడిగినవే అయినా, ఇంటిపేరు సంగతి వచ్చేసరికి నేను వివరించకముందే, ‘ఇది పుట్టింటిదాండీ?’ అని అడిగింది. అవునన్నాను. వివాహ ధ్రువపత్రం తెరమీద చూపించమని, రెండు పేర్లూ నావేనని నోటరీ చేయించిన అఫిడవిట్ ఒకటి ఈమెయిల్‌లో పంపమని చెప్పింది. స్టాంపు పేపరు, నోటరీ రుసుము పోను పెద్ద ఖర్చేమీ కాలేదు. ఆ తర్వాత కొద్ది రోజులకే నిలిచిపోయిన డబ్బంతా ఒక్కసారిగా ఖాతాలో పడింది. ఇంతకాలం సాఫ్ట్‌వేర్ తేల్చలేకపోయినది మన ఊళ్ళ సంగతి తెలిసిన మనిషి ఒక్క ప్రశ్నలో తేల్చేసిందని అప్పట్లో పదిమందికి చెప్పాను, తోటి పనివారిలో కొందరి చేత ఇదే సేవలో ఖాతాలు కూడా తెరిపించాను.

ఆ మెప్పును ఇప్పుడు కాస్త తగ్గించుకోక తప్పదు. 2025 మే 1న మన రాష్ట్రంలోని నాలుగు గ్రామీణ బ్యాంకులను కలిపి ఒకటి చేశారు. ఆ నాలుగింటిలో ఒకదాంట్లో ఖాతా ఉన్న నాకు ఆ తర్వాత బ్యాంకు శాఖను గుర్తించే ఐఎఫ్‌ఎస్‌సి కోడ్ మారింది. కోడ్ మార్చిన వెంటనే గేట్‌వే మళ్ళీ ఒక రూపాయి పంపింది, మళ్ళీ పేరు సరిపోలలేదంది, మళ్ళీ డబ్బు నిలిపింది. ఖాతా అదే, మనిషిని నేనే, అఫిడవిట్ వాళ్ళ దగ్గరే ఉంది. అయినా ఆ వీడియోలో తేలిన విషయం నా ఖాతా వివరాల్లో ఎక్కడా నమోదు కాలేదని ఈసారి మాట్లాడిన ఉద్యోగి చెప్పారు. అంటే ఆ అమ్మాయి మంచితనం ఆ ఒక్క పూటకే పనికొచ్చింది, వ్యవస్థలో ఏ మార్పూ రాలేదు. ఈసారి ఎవరికి ఏ పత్రం పంపాలో ముందే తెలుసు కాబట్టి పని త్వరగానే తెమిలింది, పండుగ రోజులు కాకపోవడంతో ఆర్డర్లూ తక్కువే. అదే డిసెంబరులో జరిగి ఉంటే ఈ సమీక్ష మరోలా ఉండేది.

ఇక ఈ సేవ తీసుకోవచ్చా అంటే, అడిగేవారి కాగితాలు చూడకుండా చెప్పలేను. పాన్‌లోనూ బ్యాంకులోనూ ఒకే ఇంటిపేరు ఉన్నవారికి ఇందులో ఏ ఇబ్బందీ ఎదురుకాకపోవచ్చు; నేను తెరిపించిన ఖాతాల్లో మగవారివన్నీ చిక్కు లేకుండానే పూర్తయ్యాయి. సంతల్లోనూ, హస్తకళా ప్రదర్శనల్లోనూ మాత్రమే అమ్మేవారికి యూపీఐ క్యూఆర్ బొమ్మ చాలు, ఇంత శ్రమ అవసరమే లేదు. హైదరాబాదు, బెంగళూరుల నుంచి కార్డు మీద కొనేవారు నాకు ఎక్కువ కాబట్టి నేను వదులుకోలేకపోతున్నాను. నాలా రెండు ఇంటిపేర్లు ఉన్న స్త్రీలు తీసుకోదలిస్తే ముందుగా వివాహ ధ్రువపత్రం, అఫిడవిట్ సిద్ధం చేసుకుని, పండుగకు కనీసం మూడు నెలల ముందు దరఖాస్తు పెట్టి, ఖాతా పూర్తిగా ధ్రువీకరణ అయ్యేదాకా వెబ్‌సైట్‌లో చెల్లింపు బటన్ తెరవకుండా ఉంటే మంచిది. ఖాతా తెరిచాక కూడా దసరా నుంచి సంక్రాంతి దాకా బ్యాంకు వివరాల జోలికి నేనైతే వెళ్ళను.