కర్నూలు టిడ్కో ఫ్లాటు: తాళం తీసుకునే ముందు చూడాల్సినవి

టిడ్కో అంటే పట్టణ పేదలకు ఇళ్లు కట్టే రాష్ట్ర ప్రభుత్వ సంస్థ. కర్నూలు జగన్నాథ గట్టు టిడ్కో ఇళ్లలో 300, 365, 430 చదరపు అడుగుల రకాలున్నాయి. నలుగురుంటే 430 మేలు, రెండు పడగ్గదులు వస్తాయి. దానికి లబ్ధిదారు వాటా సగానికి తగ్గాక 50 వేలు, బ్యాంకు లోను 3.65 లక్షలు. ఎనిమిదిన్నర శాతం వడ్డీకి 20 ఏళ్లకు లెక్కేస్తే కంతు నెలకు సుమారు 3,170. కూలి డబ్బుతో బతికేవాళ్లకు ఇది అద్దె లెక్కే, కాకపోతే నెల తప్పకూడదు.

గోడలు ఇటుకవి కావు, షియర్‌వాల్, అంటే కమ్మి పెట్టి పోసిన కాంక్రీటు గోడలు. బలానికి వంక పెట్టలేం. మేకు మాత్రం దిగదు, హ్యామర్ డ్రిల్లు కావాల్సిందే. కొత్త స్విచ్‌బోర్డు కోసం గోడ చెక్కనివ్వకండి, లోపలి కమ్మి తెగుతుంది. వైరు పైపు గోడ మీదినుంచే వేయించుకోండి.

అసలు చూడాల్సింది టై రాడ్ల బెజ్జాలు, అంటే కాంక్రీటు పోసేటప్పుడు రెండువైపులా అచ్చు పలకల్ని పట్టి ఉంచే కడ్డీలు గోడలో వదిలిన రంధ్రాలు. ఆ అల్యూమినియం అచ్చు (షట్టరింగ్) విప్పాక వాటిని గట్టిగా పూడ్చకపోతే, జడివానకు లోపలి గోడ మీద రూపాయి బిళ్లంత చెమ్మ మచ్చలు వరసగా తేలతాయి. పైన సున్నం కొడితే ఆగదు. బయటివైపు తొలిచి ఆరాక కుంచించుకుపోని సిమెంటు ముద్ద (నాన్‌ష్రింక్ గ్రౌటు) నింపాలి. బాత్రూంలో రెండు బకెట్లు పోసి నీళ్లు జాలీ వైపే పోతున్నాయో లేదో చూడండి.

పై అంతస్తు దొరికితే ఎండాకాలం స్లాబు రాత్రంతా సెగ కక్కుతుంది. ఎండను తిప్పికొట్టే తెల్ల కూల్‌రూఫ్ పెయింటు ఖర్చు ముందే పక్కన పెట్టుకోండి.